క్రోకడైల్ ఐల్ యాత్ర: ఎక్కడ ఆగాలి, కాయిన్లు ఎక్కడ ఖర్చు పెట్టాలి

సూపర్ నింటెండో కన్సోల్ కోసం రేర్ సంస్థ 1995లో తయారు చేసిన వీడియో గేమ్ ‘డాంకీ కాంగ్ కంట్రీ 2’ని, క్రోకడైల్ ఐల్ అనే దీవి చుట్టి వచ్చే ప్రయాణంలా ఆడితే దాని పనితనం బాగా అర్థమవుతుంది. కాప్టెన్ కె. రూల్ అనే మొసలి ఎత్తుకెళ్ళిన గొరిల్లా డాంకీ కాంగ్‌ని విడిపించడానికి డిడ్డీ, డిక్సీ అనే రెండు కోతులు బయల్దేరతాయి. దారిలో ఏడు ప్రపంచాలు ఉంటాయి, వాటి వెనక దాగి లాస్ట్ వరల్డ్ ఉంటుంది. దాదాపు ప్రతి మజిలీలోనూ బస చేసే చోటు, సలహా చెప్పే పెద్దాయన, విమానం నడిపేవాడు దొరుకుతారు. ఎవరి దగ్గర ఎన్ని కాయిన్లు ఖర్చు పెట్టాలో ముందే తెలిస్తే సగం కష్టం తప్పుతుంది.

1994లో వచ్చిన మొదటి ఆట అడవి, గుహ, మంచు, ఫ్యాక్టరీ అంటూ దృశ్యం మార్చి వైవిధ్యం చూపించింది. రెండోది అదే చోటికి మళ్ళీ మళ్ళీ తీసుకెళ్తుంది, కానీ వెళ్ళిన ప్రతిసారీ అక్కడి నియమం ఒకటి మారుస్తుంది. ఈ ఆట గొప్పతనమంతా అందులోనే ఉంది. కాబట్టి లెవెల్ దాటేయాలన్న తొందర పక్కన పెట్టి, ఈసారి ఏం మారిందో చూస్తూ నడవండి.

మొదటి మజిలీ గ్యాంగ్‌ప్లాంక్ గ్యాలియన్. ఇది మొత్తం ఓడ. పైరేట్ పానిక్ మొదలవగానే కుడివైపు పరుగెత్తకండి, పక్కనే ఉన్న కె. రూల్ క్యాబిన్‌లోకి వెళ్తే ఒక లైఫ్ బెలూన్ (ఆడేందుకు ఒక అదనపు ప్రాణం) దొరుకుతుంది. ఈ ప్రపంచంలో నేర్చుకోవాల్సిన కదలికలు రెండు. దొర్లుతూ గట్టు అంచు దాటాక గాల్లో ఉండగానే బి నొక్కితే మామూలు గెంతుకి అందని దూరం అందుతుంది. ‘A’ బటన్‌తో తోడుగా ఉన్నవాళ్ళని భుజాన ఎత్తుకుని పైకి విసిరితే ఎత్తుగా ఉన్న చోట్లకి దారి దొరుకుతుంది. తొలి లెవెల్స్‌లో బోనస్ గదులు దొరకడం లేదనుకునేవాళ్ళు చాలాసార్లు ఈ విసరడం మర్చిపోయినవాళ్ళే.

డిక్సీని ముందు ఉంచాలా, డిడ్డీనా అన్నది చోటుని బట్టి ఉంటుంది. గాల్లో వై నొక్కి పట్టుకుంటే డిక్సీ జుట్టు తిప్పుతూ మెల్లగా దిగుతుంది. ఎక్కడ దిగాలో కనబడని చోట ఆమే మేలు. డిడ్డీ చురుకు ఎక్కువ, నేల చదునుగా ఉండి శత్రువులు వరసగా వచ్చే చోట అతన్ని ముందు పెట్టండి. కొత్తవాళ్ళు ఆట మొత్తం డిక్సీతోనే లాగిస్తారు. పని నడుస్తుంది కానీ, గెంతు కొలత చేతికి పట్టుబడదు.

ఇక బసల సంగతి. సేవ్ చేసుకునే చోటు రింక్లీ నడిపే కాంగ్ కాలేజ్. ప్రతి ప్రపంచంలోనూ మొదటి సేవ్ ఉచితం, ఆ తర్వాత ప్రతిసారీ 2 బనానా కాయిన్లు ఇవ్వాలి. ఈ కాలేజ్ ప్రపంచం గుమ్మంలోనే ఉండదు, కొన్ని లెవెల్స్ దాటితేనే అందుతుంది. చాలామంది కాలేజ్ కనబడగానే ఉచిత సేవ్ వాడేసి, తర్వాతి కష్టమైన లెవెల్ దాటేసరికి చేతిలో కాయిన్లు లేక ఇబ్బంది పడతారు. కొత్త ప్రపంచంలో అడుగుపెట్టేటప్పుడు కనీసం 4 కాయిన్లు దగ్గర ఉంచుకోవడం మంచిది, రెండో సేవ్‌కి 2, విమానానికి 2.

ఆ విమానం ఫంకీది. ఒక ప్రపంచంలో మొదటిసారి ఎక్కడానికి 2 కాయిన్లు. ఒకసారి ఇచ్చాక అక్కడ మళ్ళీ అడగడు. వెనక వదిలేసిన బోనస్ గదుల కోసం పాత ప్రపంచాలకి వెళ్ళాలంటే ఈ విమానమే దారి కాబట్టి ఈ ఖర్చు దగ్గర వెనకాడొద్దు. ఫంకీ కూడా గుమ్మంలో ఉండడు. కొత్త ప్రపంచంలోకి దిగాక కానీ వెనక ఏదో మిగిలిపోయిందని గుర్తు రాకపోతే, అతని దాకా చేరేవరకూ తిరుగుదారి దొరకదు. బాస్ (ప్రపంచం చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గరకి వెళ్ళేముందే లెక్క చూసుకోండి.

మంకీ మ్యూజియంలో ఉండే పెద్దాయన క్రాంకీ చెప్పే సలహాల్లో కొన్ని ఉచితం, కొన్నిటికి కాయిన్లు అడుగుతాడు. ఉచితమైనవి అన్నీ వినండి. కాయిన్లు అడిగేవి, ఒక బోనస్ గది ఎంత వెతికినా దొరకనప్పుడు మాత్రమే కొనండి. స్వాంకీ అనే అతను పెట్టే క్విజ్ లైఫ్‌లు పెంచుకోవడానికి పనికొస్తుంది, కానీ అడిగేవి ఎక్కువగా ఈ ఆట గురించిన ప్రశ్నలే కాబట్టి శత్రువుల పేర్లూ చోట్లూ గుర్తున్నవాళ్ళకే లాభం.

రెండో మజిలీ క్రోకడైల్ కాల్డ్రన్‌లో నియమం మార్చడం అంటే ఏమిటో కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. మొదటి ప్రపంచంలోని లాక్‌జాస్ లాకర్‌లో నీళ్ళు నిండిన ఓడ అడుగుభాగం చూసి ఉంటారు. లావా లగూన్‌లోనూ అదే ఓడ అడుగుభాగం, కానీ నీళ్ళు మరుగుతున్నాయి. తాకితే దెబ్బే. ఒడ్డున క్లాపర్ అనే సీల్ కూర్చుని ఉంటుంది. దాన్ని తాకితే నీళ్ళు చల్లబడి నీలం రంగుకి మారతాయి, కొన్ని సెకన్లకి మళ్ళీ ఎర్రబడతాయి. ఆ వ్యవధిలో తర్వాతి ఒడ్డుకో, తర్వాతి క్లాపర్ దగ్గరకో చేరాలి. ఇక్కడ పోగొట్టుకునేది ఎక్కువగా అరటిపళ్ళ కోసం పక్కసందులోకి తిరిగినప్పుడు. మొదటిసారి పళ్ళు వదిలేసి దారి చూసుకోండి, రెండోసారి దూరం లెక్క తెలుస్తుంది కాబట్టి అప్పుడు పక్కకి వెళ్ళండి. అదే ఓడ అడుగుభాగం మూడోసారి మూడో ప్రపంచం క్రెమ్ కీలో, గ్లిమ్మర్స్ గ్యాలియన్‌గా వస్తుంది. ఈసారి చీకటి. వెలుగు గ్లిమ్మర్ అనే చేప దగ్గరే ఉంటుంది, అది ఎటు తిరిగితే అటే కనబడుతుంది. బొమ్మలు మూడుచోట్లా దాదాపు అవే. ఒకచోట నీటిమట్టం, ఒకచోట వేడి, ఒకచోట చూపు. మూడు వేర్వేరు ఊళ్ళకి వెళ్ళి వచ్చినట్టే ఉంటుంది.

రెడ్ హాట్ రైడ్‌లో లావా మీద బెలూన్ ఎక్కి వెళ్ళాలి. బెలూన్ తనంతట తాను కిందికి దిగిపోతుంటుంది, లావాలోంచి ఎగిసే ఆవిరి పైకి తోస్తుంది. కాబట్టి చూడాల్సింది బెలూన్‌ని కాదు, ముందున్న ఆవిరిని. మొదటి రెండు ప్రపంచాల లెవెల్స్‌లో వార్ప్ బ్యారెల్స్ అనే పీపాలు కూడా దాచారు. ఎక్కితే నేరుగా లెవెల్ చివరికి పోతారు. మొదటి యాత్రకి మాత్రం వద్దు. వాటిని వాడితే తర్వాతి ప్రపంచాల్లో పనికొచ్చే చేతి నేర్పు అబ్బదు.

క్రెమ్ కీలో తప్పక నిదానించాల్సిన చోటు బ్రాంబుల్ బ్లాస్ట్. మనిషి ఎత్తు ముళ్ళతీగల మధ్య నేల అన్నదే దాదాపు లేదు, ఒక బ్యారెల్ నుంచి ఇంకో బ్యారెల్‌కి ఎగరడమే. పేలుడు గుర్తున్నవి తమంతట తామే పేల్చి పంపుతాయి, మిగిలినవి బటన్ కోసం ఆగుతాయి. ఈ తేడా చూసుకోకుండా అన్నిటి దగ్గరా బటన్ నొక్కే అలవాటు పడితే, దానంతట అదే పేలే బ్యారెల్ దగ్గర నొక్కిన నొక్కు తర్వాతి బ్యారెల్‌లో పడుతుంది, అది ముళ్ళవైపు తిరిగి ఉండగానే ఎగిరిపోతారు. బ్యారెల్‌లో ఉన్నంతసేపూ ప్రమాదం లేదు. రెండు చుట్లు తిరగనిచ్చి లయ పట్టుకున్నాకే నొక్కండి. డేవిడ్ వైజ్ ఈ ముళ్ళతోటకి ఇచ్చిన సంగీతం నెమ్మదిగా, కొంచెం దిగులుగా సాగుతుంది. ఇంత ప్రమాదమైన చోట తొందర పెట్టని పాట పెట్టడం వల్లే ఆడేవాళ్ళ చెయ్యి నిదానిస్తుంది. ఆ ఎంపిక వెనక ఎంత ఆలోచన ఉందో ఆడినకొద్దీ తెలుస్తుంది.

ఈ తోట కూడా తిరిగి వస్తుంది. నాలుగో ప్రపంచం క్రేజీ క్రెమ్‌ల్యాండ్‌లో బ్రాంబుల్ స్క్రాంబుల్‌గా, అక్కడ స్క్వాక్స్ అనే చిలుకతో ముళ్ళ మధ్య ఎగరాలి. చివరి ఫ్లయింగ్ క్రాక్‌లో స్క్రీచెస్ స్ప్రింట్‌గా, ఈసారి ఇంకో చిలుకతో పందెం. బ్రాంబుల్ బ్లాస్ట్‌లో ఓపిక నేర్పి, అదే దృశ్యంలో ఆఖరికి వేగం అడుగుతారు.

పట్టాల బండి లెవెల్స్ మూడూ ఒక వరసలో ఆడి చూడాల్సినవి. క్రేజీ క్రెమ్‌ల్యాండ్‌లో టార్గెట్ టెర్రర్: దారిలో గేట్లు ఉంటాయి, టిక్ గుర్తు బ్యారెల్‌ని కొడితే తెరుచుకుంటాయి, ఇంటూ గుర్తుదాన్ని కొడితే మూసుకుంటాయి. అదే ప్రపంచంలో రికెటీ రేస్, అవే పట్టాల మీద వేరే బండ్లతో పోటీ. ఐదో ప్రపంచం గ్లూమీ గల్చ్‌లో హాంటెడ్ హాల్, వెనక కాకిల్ అనే దెయ్యం తరుముతుంటుంది, తెర మీద సెకన్లు తరుగుతుంటాయి. ప్లస్ బ్యారెల్స్ కొడితే సెకన్లు పెరుగుతాయి, మైనస్‌వి కొడితే తగ్గుతాయి. సున్నా అయితే దెయ్యం పట్టుకుంటుంది. ఇక్కడ తప్పెక్కడ జరుగుతుందంటే, టైమ్ తగ్గిందన్న కంగారులో కనబడిన బ్యారెల్ ప్రతిదానికీ గెంతుతారు. కొన్నిచోట్ల ప్లస్ పక్కనే మైనస్ ఉంటుంది. ఒక ప్లస్ వదిలేస్తే పోయేది ఆ కొన్ని సెకన్లే. ఆ గెంతు వల్ల మైనస్ తగిలితే ఉన్న టైమ్ కూడా తరుగుతుంది, పట్టా తెగిన చోట దిగే అదను తప్పితే లైఫే పోతుంది.

క్రేజీ క్రెమ్‌ల్యాండ్‌లోని తేనెతుట్టెలు కూడా ఇలాంటివే. హార్నెట్ హోల్‌లో తేనె నేల కాళ్ళు పట్టేస్తుంది, పరుగు ఉండదు, గెంతు మాత్రం పనిచేస్తుంది. తేనె గోడకి అంటుకుని గెంతుతూ పైకి ఎక్కొచ్చు. ఆపదగా కనబడే తేనే మెట్ల పని చేస్తుంది. రాంబీ రంబుల్‌లో అదే తుట్టెలో ఖడ్గమృగం మీద సాగుతుంటే చివర్లో పెద్ద కందిరీగ వెంటపడుతుంది. దాన్ని కొట్టి లాభం లేదు, ఆగకుండా ముందుకి పోవడమే.

గ్లూమీ గల్చ్‌లో గస్టీ గ్లేడ్ దగ్గర గాలి మనల్ని తోస్తుంది, దిశ మార్చుకుంటుంది. ఎగిరే ఆకులు గాలి ఎటుందో చూపిస్తాయి. పెద్ద గుంత ముందు నిలబడి, ఆకులు మనం వెళ్ళే వైపు తిరిగేదాకా ఆగితే మామూలుగా అందని గట్టు కూడా అందుతుంది. ఎదురుగాలిలో గెంతితే సగంలోనే పడిపోతారు. ఈ ప్రపంచానికి ఒక్కటే లోటు, చివరి బాస్ క్రీపీ క్రో. మొదటి ప్రపంచంలో ఓడించిన కాకే దెయ్యమై తిరిగి వస్తుంది. లెవెల్స్ విషయంలో ఇంత జాగ్రత్త పడ్డవాళ్ళు బాస్ దగ్గర ఆ శ్రద్ధ పెట్టలేదు.

ఆరో ప్రపంచం కె. రూల్స్ కీప్ పొడవుగా, అలసటగా ఉంటుంది. దీనికి కాయిన్లు ఎక్కువ దాచుకుని రండి. టాక్సిక్ టవర్‌లో కింద నుంచి విషపు ద్రవం ఎగబాకుతుంటే రాట్లీ అనే పాముతో పైకి గెంతడం మొదలవుతుంది. క్రెమ్ కీలోని స్లైమ్ క్లైంబ్‌లో ఎగబాకే నీళ్ళు చూసినవాళ్ళకి ఇది దాని పెద్దన్నలా కనబడుతుంది. అక్కడి నీళ్ళలో పడ్డా ఈదే వీలుంది, తరిమే చేప నుంచి తప్పించుకోవాలి అంతే. ఇక్కడ ద్రవం తాకితే ముగిసినట్టే. క్లాపర్స్ కావెర్న్‌లో పాత సీల్ మళ్ళీ కలుస్తుంది. లావా లగూన్‌లో నీళ్ళు చల్లార్చింది, ఇక్కడ గడ్డకట్టిస్తుంది, ఆ మంచు మీద నడిచి దాటాలి. ప్రపంచం చివర స్ట్రాంగ్‌హోల్డ్ షోడౌన్ అని భయపెట్టే పేరుంది కానీ అక్కడ పోరాటం లేదు. కట్టేసి ఉన్న డాంకీ కాంగ్‌ని మీ కళ్ళముందే తాడుతో పైకి లాక్కుపోతారు. గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం 2004లో వచ్చిన రూపంలో ఈ ప్రపంచానికి కెరోజీన్ అనే కొత్త బాస్‌ని చేర్చారు.

బోనస్ గది గెలిస్తే ఒక క్రెమ్‌కాయిన్. ఆట మొత్తంలో ఉన్నవి 75. వాటిని అడిగేవాడు క్లబ్బా, రెండో ప్రపంచం నుంచి ఆరో ప్రపంచం దాకా ఐదుచోట్ల కాపలా ఉంటాడు, ఒక్కోచోట 15 తీసుకుని లాస్ట్ వరల్డ్‌లో ఒక్కో లెవెల్‌కి దారి వదులుతాడు. 15 ఇంటూ 5 అంటే సరిగ్గా 75, ఒక్కటి కూడా మిగలదు. గదులు వెతికేటప్పుడు, నేల లేని గుంత మీద ఒంటరిగా కనబడే అరటిపండునీ, చేరువలో ఫిరంగి లేకుండా పడి ఉన్న గుండునీ వదలొద్దు. గుండుని మోసుకెళ్ళి ఫిరంగిలో వేస్తేనే కొన్ని గదులు తెరుచుకుంటాయి. నక్షత్రాలు పోగు చేసే గదుల్లో టైమ్ చాలకపోతే బయటికి వచ్చాక మళ్ళీ ప్రయత్నించొచ్చు, కాబట్టి మొదటిసారి దారి చూసుకోవడానికే వెళ్ళండి. ఆట 102 శాతం (ఇందులో పూర్తి లెక్క ఇదే) చూపించాలంటే క్రెమ్‌కాయిన్లతో పాటు లెవెల్స్‌లో దాచిన డీకే కాయిన్లు కూడా కావాలి.

లాస్ట్ వరల్డ్ లెవెల్స్‌లో బలమైనది ఆనిమల్ ఆంటిక్స్. కె. రూల్స్ కీప్‌లోని క్లబ్బా దగ్గర దారి కొనాలి. ఇందులో వరసగా ఖడ్గమృగం, కత్తిచేప, సాలీడు, చిలుక, పాముగా మారుతూ వెళ్ళాలి. అంటే ఇంతదాకా ఆట నేర్పిన సవారీలన్నీ ఒకేచోట పరీక్షకి వస్తాయి. అన్నిటికంటే కష్టం చిలుక భాగం, ఎందుకంటే ముళ్ళతోటలోకి గస్టీ గ్లేడ్ గాలిని తెచ్చి కలిపారు. రెక్కలు ఆడించడానికి బి బటన్ మెల్లగా, సమంగా నొక్కండి. ఒక్కసారి గట్టిగా కొడితే పై ముళ్ళకి తగులుతారు. గాలి తిరిగే క్షణంలో సందు నోట్లో ఉండకండి, కాస్త వెడల్పు ఉన్న చోట ఆగి గాలి మారాక సందులోకి దూరండి. లోపలికి వచ్చేటప్పుడు డిడ్డీ, డిక్సీ ఇద్దరూ ఉండేలా చూసుకోండి. ఇద్దరుంటే ఒక దెబ్బ ఓర్చుకోవచ్చు, ఒక్కరే ఉంటే మొదటి ముల్లుకే అయిపోతుంది.