అమెరికా షేర్లు: విదేశీ బ్రోకర్ ఖాతానా, మన మ్యూచువల్ ఫండా?

నెల్లూరులో వనామీ రొయ్యల సాగు చేసేవాళ్లు, ఒంగోలులో గ్రానైట్ వ్యాపారులు, కావలిలో రిటైరైన టీచర్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "సార్, అమెరికా షేర్లు కొందామనుకుంటున్నాం. ఫోన్‌లో బ్రోకర్ ఖాతా తెరిచి నేరుగా కొనడం మేలా, ఇక్కడి మ్యూచువల్ ఫండ్ ద్వారా పోవడం మేలా?" పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆపిల్, ఎన్విడియా పేర్లు అన్నం తినేటప్పుడు కూడా వినపడుతుంటాయి. 2011లో 45 రూపాయలున్న డాలరు 90కి చేరడం అందరూ చూశారు. కాబట్టి కొనాలా వద్దా అన్న చర్చలోకి పోను. ఏ దారిలో కొనాలన్నదే చూద్దాం. ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు వేయడం నా పని కాబట్టి, ఆ వైపు నుంచి కనిపించేవే ఎక్కువ చెప్తాను.

నేరుగా కొనడంలో ఉన్న సుఖం పెద్దదే. మీకు కావాల్సిన కంపెనీ మీరే ఎంచుకుంటారు. షేరు ధర వందల డాలర్లున్నా, అందులో చిన్న ముక్క కొనుక్కోవచ్చు. సాయంత్రం ఏడు, చలికాలంలో ఎనిమిది గంటలకు అక్కడి మార్కెట్ తెరుస్తారు కాబట్టి పగటి పనికి అడ్డం రాదు. రిజర్వ్ బ్యాంక్ ఎల్ఆర్ఎస్ పథకం కింద మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. బ్రోకరే దివాలా తీస్తే ఎలా అని కొందరికి టెన్షన్. అమెరికా బ్రోకర్లకు ఎస్ఐపీసీ అనే సంస్థ రక్షణ ఉంది, ఖాతాకు 5 లక్షల డాలర్ల దాకా. షేరు ధర పడితే వచ్చే నష్టానికి మాత్రం ఈ రక్షణ వర్తించదు.

ఖర్చు దగ్గరికొస్తే, అందరూ బ్రోకరేజీ ఎంతో చూసి ఆగిపోతారు. అసలు ఖర్చు బ్యాంకులో ఉంటుంది. రూపాయిని డాలరు చేసేటప్పుడు బ్యాంకు తన మార్జిన్ వేసుకుంటుంది. పంపినందుకు చార్జీ, మార్పిడి మీద జీఎస్టీ అదనం. పంపే చార్జీ ఒక్కో బదిలీకి ఇంత అని ఉంటుంది కాబట్టి నెలకు ఐదు వేల చొప్పున పంపేవాళ్లకు అది బాగా కొరుకుతుంది. నేరుగా కొనేవాళ్లు చిన్న చిన్నగా పంపకుండా ఏడాదికి రెండు మూడుసార్లు పంపుకోవడం నయం. ఏడాదికి 10 లక్షలు దాటితే దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే కోసే పన్ను) బ్యాంకు పట్టుకుంటుంది. అది పోయే డబ్బు కాదు, మీ పన్నులో సర్దుకోవచ్చు, మిగిలితే రీఫండ్ వస్తుంది. కానీ అన్ని నెలలు అక్కడ ఇరుక్కుని ఉంటుంది. చెరువుల్లో సీడ్ వేయడానికి, మేత కొనడానికి చేతిలో డబ్బు ఆడాల్సిన రైతుకు ఈ ఇరుకు నిజంగా ఇబ్బందే.

మన ఫండ్ దారిలో ఈ తలనొప్పులేవీ లేవు. రూపాయల్లోనే సిప్ (నెలనెలా ఇంత అని కట్టే పద్ధతి) పెట్టుకుంటారు, డాలర్ల గొడవ ఫండ్ కంపెనీ చూసుకుంటుంది. నాస్‌డాక్ 100, ఎస్ అండ్ పీ 500 లాంటి అమెరికా పెద్ద కంపెనీల సూచీలను అనుసరించే ఫండ్లు మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్నాయి. మోతీలాల్ ఓస్వాల్ నాస్‌డాక్ 100 ఈటీఎఫ్ (షేరులాగా ఎక్స్ఛేంజీలో కొని అమ్ముకునే ఫండ్) 2011 నుంచి నడుస్తోంది. పరాగ్ పారిఖ్ ఫ్లెక్సీ క్యాప్ లాంటివి ఎక్కువ భాగం ఇక్కడే పెట్టి, కొంత విదేశీ షేర్లలో పెడతాయి. పూర్తిగా అమెరికా అక్కర్లేదు, కొంచెం రుచి చాలు అనుకునేవాళ్లకు అదీ సరిపోతుంది.

అయితే ఈ దారికి ఒక గేటుంది. మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి విదేశాల్లో పెట్టగలిగింది 7 బిలియన్ డాలర్లే, విదేశీ ఈటీఎఫ్‌లలో పెట్టడానికి ఇంకో బిలియన్. 2022 మొదట్లోనే ఆ హద్దు తగిలింది. 2024 ఏప్రిల్ నుంచి విదేశీ ఈటీఎఫ్‌లలో పెట్టే స్కీముల్లోకి కొత్త డబ్బు తీసుకోవద్దని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పింది. అప్పట్నుంచి ఫండ్ కంపెనీలు కొన్నాళ్లు తెరుస్తాయి, కొన్నాళ్లు మూస్తాయి, కొన్ని సిప్‌కి ఇంతే అని హద్దు పెడతాయి. ఇక్కడే ఇంకో జాగ్రత్త. ఎక్స్ఛేంజీలో అమ్ముడయ్యే ఈటీఎఫ్‌కు కొత్త యూనిట్లు పుట్టకపోతే, ఉన్నవాటికే గిరాకీ పెరిగి అసలు విలువ కంటే పది శాతం పైగా ఎక్కువకు అమ్ముడైన రోజులున్నాయి. అమెరికా మార్కెట్ ఒక్క పైసా పడకపోయినా, ఆ ప్రీమియం కరిగితే మీకు నష్టమే. ఈటీఎఫ్ కొనేముందు ఫండ్ కంపెనీ సైట్‌లో ఐ-నావ్ (యూనిట్‌కు అప్పటి అసలు విలువ) చూసి, ధర దానికంటే ఎక్కువ పైన ఉంటే ఆగండి. అసలు విలువకే (ఎన్ఏవీ) కొనుక్కునే ఫండ్ ఆఫ్ ఫండ్, అంటే ఇంకో ఫండ్‌లో డబ్బు పెట్టే ఫండ్, తెరిచి ఉంటే అదే తీసుకోండి.

పన్ను శాతాల్లో పెద్ద తేడా లేదు. నేరుగా కొన్న విదేశీ షేరు 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, ఈలోపు అమ్మితే మీ శ్లాబు. ఇక్కడి విదేశీ ఫండ్ ఆఫ్ ఫండ్‌కూ ఇప్పుడు అంతే. ఎక్స్ఛేంజీలో కొనే ఈటీఎఫ్‌కైతే 12 నెలలు చాలు. నేరుగా కొన్నవాళ్లకు డివిడెండ్‌లో 25 శాతం అమెరికాలోనే పట్టుకుంటారు. దాన్ని ఇక్కడి పన్నులో తగ్గించుకోవడానికి ఒక ఫారం వేయాలి. అది చిన్న పనే.

ఇంతవరకు చూస్తే నేరుగా కొనే దారికే మొగ్గు అనిపిస్తుంది. బ్యాంకు ఖర్చు కొంచెం, స్వేచ్ఛ ఎక్కువ. కానీ నన్ను ఆపేది వేరే. ఖాతా ఉన్న మనిషి పోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు, యాప్‌లోనూ కనబడదు. నా దృష్టిలో తేల్చాల్సింది ఇదే.

అమెరికాలో ఎస్టేట్ ట్యాక్స్ అని ఒకటుంది. చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్ను. వాళ్ల పౌరులకు కోటి డాలర్ల పైన మినహాయింపు ఉంటుంది కాబట్టి అక్కడ మామూలు కుటుంబాలకు దాని ఊసే ఉండదు. మన పిల్లలు కూడా అందుకే దాని గురించి చెప్పరు. అక్కడ నివాసం లేని విదేశీయులకు మాత్రం మినహాయింపు 60,000 డాలర్లే. నెల్లూరులో కూర్చుని కొన్నా, అమెరికా కంపెనీ షేరు అమెరికాలో ఉన్న ఆస్తి కిందే లెక్క. అక్కడి ఈటీఎఫ్‌లూ అంతే. ఆ 60,000 దాటిన భాగం మీద రేటు మెట్లు మెట్లుగా పెరిగి 40 శాతం దాకా పోతుంది. ఇండియాకూ అమెరికాకూ మధ్య ఆదాయపు పన్ను ఒప్పందం ఉంది గానీ, ఎస్టేట్ ట్యాక్స్ మీద ఒప్పందం లేదు. కాబట్టి ఒప్పందం పేరు చెప్పి తప్పించుకునే సందు లేదు.

లెక్క వేసి చూడండి. ఒకాయన పేరు మీద లక్ష డాలర్ల అమెరికా షేర్లున్నాయి. ఆయన పోతే పన్ను 10,800 డాలర్లు, అంటే డాలరు 90 చొప్పున తొమ్మిది లక్షల డెబ్భై వేల పైమాటే. అదే 1,60,000 డాలర్లయితే 29,000. ఏడాదికి 10 లక్షల చొప్పున పదేళ్లు పెట్టుకుంటూ పోయిన మనిషి ఆ లక్ష దాటడం పెద్ద విషయం కాదు, మార్కెట్ పెరిగితే ఇంకా ముందే దాటుతుంది.

ఆ డబ్బు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ తర్వాతి పని. ఖాతాలో ఉన్న అమెరికా ఆస్తి 60,000 డాలర్లు దాటితే, చనిపోయిన తొమ్మిది నెలల్లో అక్కడి పన్నుశాఖకు 706-ఎన్ఏ అనే రిటర్ను వేయాలి. వాళ్లు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ చూపిస్తే గానీ మామూలుగా బ్రోకర్ షేర్లు వదలడు. ఈ తిరుగుడంతా ఎవరు తిరగాలి? కందుకూరులో ఉన్న ఆ ఇల్లాలు. ఆమె ఏనాడూ ఆ యాప్ తెరిచి ఉండదు. ఖాతా ఏ కంపెనీలో ఉందో కూడా తెలియకపోవచ్చు. మన బ్యాంకు ఖాతాలాగా, డీమ్యాట్‌లాగా నామినీ పెట్టుకునే వెసులుబాటు ఇలాంటి ఖాతాలన్నింటిలో ఉండదు. వారసత్వ పత్రాలు, నోటరీలు, ఇంగ్లిషులో ఈమెయిళ్లు, అమెరికాలో ఒక అకౌంటెంట్ ఫీజు. భర్త పోయిన ఇంట్లో ఈ పని పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ఇక్కడి ఫండ్ అయితే మీ చేతిలో ఉన్నవి ఇండియా ఫండ్ యూనిట్లు. అమెరికా షేర్లు ఫండ్ పేరున ఉంటాయి, మీ పేరున కాదు. ఎస్టేట్ ట్యాక్స్ మీ ఇంటి గడప తొక్కదు. నామినీ డెత్ సర్టిఫికెట్, కేవైసీ కాగితాలు, ఒక ఫారం ఇస్తే యూనిట్లు ఆమె పేరుకు మారతాయి. పనయ్యేది నెల్లూరులోనే, తెలుగు మాట్లాడే మనిషి ముందు. ఫండ్ చార్జీ ఏడాదికి కొంచెం ఎక్కువైనా, దీనికోసం ఆ తేడా ఇవ్వడం సబబే అని నా నమ్మకం.

రెండో విషయం షెడ్యూల్ ఎఫ్ఏ. విదేశంలో ఒక్క షేరు ముక్క ఉన్నా రిటర్నులో చూపాలి. అంటే ఇన్నాళ్లూ ఐటీఆర్-1 వేసుకున్న టీచరుకు ఆ రోజు నుంచి ఐటీఆర్-2 తప్పదు. అమ్మకపోయినా, లాభం రాకపోయినా చూపాలి. అందులోనూ మెలిక ఉంది. మన రిటర్ను ఏప్రిల్ నుంచి మార్చి, షెడ్యూల్ ఎఫ్ఏ మాత్రం జనవరి నుంచి డిసెంబరు. ఏడాదిలో గరిష్ఠ విలువ ఎంత, డిసెంబరు 31న ఎంత, ఆ రోజుల స్టేట్ బ్యాంక్ రేటు ఎంత, అన్నీ పెట్టాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షల లోపుంటే ఆ జరిమానా వేయకూడదని 2024 అక్టోబరు నుంచి సడలింపు ఇచ్చారు. జరిమానా లేనంత మాత్రాన చూపాల్సిన పని పోలేదు. ఏటా జులైలో హడావుడిగా రిటర్ను వేయించుకునేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. ఇక్కడి ఫండ్లకు ఇదేమీ లేదు.

మిగతా దారులు క్లుప్తంగా. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీ అనే ప్రత్యేక ఆర్థిక కేంద్రంలో కూడా విదేశీ షేర్లలో పెట్టే ఫండ్లు వచ్చాయి. డాలర్లలో పెట్టాలి కాబట్టి ఎల్ఆర్ఎస్, టీసీఎస్ అన్నీ వర్తిస్తాయి, కొన్నింటికి కనీసం 5,000 డాలర్లు కావాలి. ఇప్పటికి చాలామందికి అక్కర్లేదు. అమెరికాలో ఉన్న కొడుకు పేరు మీద పెట్టించడం గురించి కూడా అడుగుతారు. చట్టం అడ్డు చెప్పదు గానీ, పంపిన క్షణం నుంచి ఆ డబ్బు వాడిదే, మీది కాదు. వాడికి ఇవ్వాలనే ఉంటే సంతోషంగా ఇవ్వండి. మీ ముసలితనం డబ్బు మాత్రం అలా పెట్టకండి.

ఒక దారి మాత్రం కాస్త చూడదగ్గది. ఐర్లండ్‌లో నమోదైన ఈటీఎఫ్‌లు లండన్ ఎక్స్ఛేంజీలో దొరుకుతాయి. లోపల ఉన్నవి అమెరికా షేర్లే, కానీ మీ చేతిలో ఉన్నది ఐర్లండ్ ఫండ్ కాబట్టి అమెరికా ఎస్టేట్ ట్యాక్స్ తగలదు. డివిడెండ్ మీద కోత కూడా ఫండ్ స్థాయిలో 15 శాతమే. ఇంటరాక్టివ్ బ్రోకర్స్ లాంటి అంతర్జాతీయ బ్రోకర్ల దగ్గర కొనుక్కోవచ్చు. షెడ్యూల్ ఎఫ్ఏ మాత్రం తప్పదు. బాగా పెద్ద మొత్తం, ఎనభై తొంభై లక్షల పైన పెట్టే ఉద్దేశం ఉండి, ఇక్కడి ఫండ్ల గేటు తెరుచుకునేదాకా ఆగలేనివాళ్లకు నేను చెప్పేది ఇదే.

కాబట్టి నెలకు పది, ఇరవై వేలు పెట్టేవాళ్లకు నా మొగ్గు పూర్తిగా ఇక్కడి ఫండ్ వైపే. రొయ్యల మీద బతికేవాళ్లకు ఒక మాట అదనం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల కౌంటు ధరలు ఏమయ్యాయో మీరే చూశారు. మీ ఆదాయం ఇప్పటికే అమెరికా మీద ఆధారపడి ఉంది. పొదుపు కూడా ఎక్కువ భాగం అక్కడే పెట్టకండి. 2022 ఒక్క ఏడాదిలోనే నాస్‌డాక్ 100 దాదాపు మూడో వంతు పడింది. అలాంటి ఏడాదే చెరువులూ దెబ్బతింటే చేతిలో ఏమీ ఉండదు.

నేరుగా ఫలానా కంపెనీ షేరే కావాలి, దాన్ని తెలుసుకునే ఓపిక ఉంది అనేవాళ్లు తప్పకుండా కొనుక్కోండి. మొత్తం 60,000 డాలర్ల కిందే ఉంచండి, పెరిగి దాని దగ్గరికి వస్తున్నట్టుంటే కొంత అమ్మి కిందికి తెచ్చుకోండి. 24 నెలలు దాటిన షేర్లు ముందు అమ్మితే పన్ను తక్కువ. భార్యాభర్తలు విడివిడిగా ఖాతాలు పెట్టుకుంటే ఎవరి 60,000 వాళ్లకు ఉంటుంది. అయితే భర్త ఇచ్చిన డబ్బుతో భార్య కొంటే, ఆ లాభం ఇక్కడి పన్నులో భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఆమెకు సొంత జీతమో, పొలం కౌలో ఉంటే ఆ డబ్బుతో కొనడమే శుభ్రమైన పద్ధతి.