విశాఖలో ‘అన్నీ కలిపి’ సిటీ టూర్ కొనేముందు ఇది చదవండి

విశాఖ రైల్వే స్టేషన్ బయట, బీచ్ రోడ్డు హోటళ్ల దగ్గర "సిటీ టూర్ అండి, టికెట్లన్నీ కలిపే" అంటూ ప్యాకేజీలు అమ్ముతున్నారు. మాకు అమ్మింది పచ్చి మోసం. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండండి.

మనిషికి 900 రూపాయలు ముందే కట్టించుకున్నారు. బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్, దాని ఎదురుగా ఉన్న నేవీ పాత విమానం టీయూ-142, కైలాసగిరి కొండ, అక్కడి రోప్‌వే, అన్నీ అందులోనే అన్నారు. తీరా వెళ్తే సబ్‌మెరైన్ గేటుకు తాళం. "ఇవాళొక్కరోజే మెయింటెనెన్స్ సార్" అన్నాడు డ్రైవర్. పక్కనే ముంత మసాలా అమ్మే ఆయన్ని అడిగితే "సోమవారం ఎప్పుడూ సెలవేనమ్మా" అన్నాడు. రోజూ అదే దారిలో బండి తిప్పేవాళ్లకు ఆ సంగతి తెలియదా? తెలిసే అమ్మారు.

మా నాన్నగారు కరీంనగర్ నుంచి వచ్చిందే దానికోసం. 1969లో సోవియట్ యూనియన్ నుంచి మన నేవీకి వచ్చి, 1971 యుద్ధంలో గస్తీ కాసి, 2001లో రిటైరైన జలాంతర్గామి అది. 2002లో మ్యూజియం చేశారు. 91 మీటర్ల ఆ ఇనుప గొట్టంలో 75 మంది ఎలా ఉండేవారో, టార్పెడోలు ఎక్కడ పెట్టేవారో నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే లోపల దగ్గరుండి చెబుతారు. నాన్నగారు గేటు ఊచలు పట్టుకుని కాసేపు చూసి వచ్చేశారు. విమానాన్నీ రోడ్డు మీంచే చూపించారు.

మిగిలిన టైమంతా ముత్యాల షాపు, జీడిపప్పు షాపు. వద్దంటున్నా ఆపారు. కైలాసగిరి మీదికి కారు నేరుగా పోనిచ్చి, రోప్‌వే సంగతి అడిగితే "పైకొచ్చేశాం కదా, ఇంకెందుకు" అన్నాడు. తీరమంతా, ఊరంతా కనిపించే ఆ చోట అమ్మావాళ్లను కుదురుగా కూర్చోనివ్వలేదు, ఒకటే హారన్.

రసీదు మీద రబ్బరు స్టాంపు, ఒక ఫోన్ నంబరు, అంతే. అడ్రసు లేదు, జీఎస్టీ నంబరు లేదు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో "మూసి ఉన్న ప్రదేశాలకు మా బాధ్యత లేదు" అని ఉంది. ఫోన్ చేస్తే కట్ చేశారు, తర్వాత స్విచాఫ్.

అసలు ఈ ప్యాకేజీ ఎవరికీ అక్కర్లేదు. సబ్‌మెరైన్, విమానం ఎదురెదురుగానే ఉన్నాయి, టికెట్ కౌంటర్లోనే ఇస్తారు. కైలాసగిరికి ఆటో మాట్లాడుకుంటే చాలు. సబ్‌మెరైన్ మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి తెరుస్తారు కాబట్టి పొద్దున కొండ, సాయంత్రం బీచ్ పెట్టుకోండి. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ముందే చెప్పండి.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు రసీదు రెండువైపులా ఫొటో తీసుకోండి, యూపీఐ స్క్రీన్‌షాట్ దాచుకోండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేం ఫిర్యాదు పెట్టాం, డబ్బు ఇంకా రాలేదు.