ఎక్స్‌ఫార్మ్: కప్పలు, కుందేళ్లు లేకుండానే ఫార్మకాలజీ ల్యాబ్

తిరుపతిలో ఫార్మసీ పిల్లలకు ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెబుతాను. జంతువుల మీద చేసే ప్రయోగాలను కంప్యూటర్‌లోనే చేయించే ఎక్స్‌ఫార్మ్ సాఫ్ట్‌వేర్ మా ల్యాబ్‌లో వాడుతున్నాం, దాన్ని పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్య సంస్థలో రవీంద్రన్ గారు తయారుచేశారు. పనికొస్తుందా అని అడిగేవాళ్లకు నా జవాబు: బాగా పనికొస్తుంది.

కుందేలు కన్ను ప్రయోగమే చూడండి. స్క్రీన్ మీద కంట్లో మందు చుక్క వేసి, కనుపాప ఎంతుందో కొలవాలి, టార్చ్ వేసి చూడాలి, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) తాకి చూడాలి. అట్రోపిన్‌కు కనుపాప పెద్దదై, వెలుగు పడినా కదలదు. ఎఫెడ్రిన్‌కూ పెద్దదవుతుంది గానీ టార్చ్ వేస్తే ముడుచుకుంటుంది. లిగ్నోకెయిన్‌కైతే కనుపాప అలాగే ఉంటుంది, కార్నియా తాకినా రెప్ప పడదు. ఎగ్జామ్ మోడ్‌లో మందు పేరు చెప్పదు, మనమే పట్టుకోవాలి. మొన్న ఒకమ్మాయి, కనుపాప పెద్దదవగానే "అట్రోపినే మేడమ్" అనేసింది, పక్కనున్న పిల్ల "ఉండవే, ముందు లైటెయ్యి" అంది. నాకు కావాల్సింది ఆ మాటే.

మేం చదువుకునేటప్పుడు కప్ప వెన్నులోకి సూది గుచ్చి, గుండె బయటికి తీసి, మసి పట్టించిన కాగితం చుట్టి తిరిగే డ్రమ్ము మీద దాని కొట్టుకోవడాన్ని గ్రాఫ్‌గా గీయించేవాళ్లం. మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం వదిలే పదార్థం గుండెను నెమ్మది చేస్తుందని ఒట్టో లోవీ 1921లోనే కప్ప గుండెల మీద చూపించాడు. పుస్తకంలో ఉన్న జవాబునే మళ్లీ చూడ్డానికి బ్యాచ్ బ్యాచ్‌కీ ఒక ప్రాణం తీయడం అప్పుడూ నాకు మింగుడుపడలేదు, ఇప్పుడూ పడదు. బీఫార్మసీ సిలబస్‌లోనే జంతు ప్రయోగాలు సాఫ్ట్‌వేర్, వీడియోలతో చూపించాలని రాసుంది కదా.

అయితే ఏ సాఫ్ట్‌వేరూ చేతికి పనితనం నేర్పదు. జంతువు నుంచి తీసిన కండరం ముక్కను (టిష్యూ) పరికరానికి కట్టడం, ఒక్కో జంతువు ఒక్కోలా స్పందించడం రీసెర్చ్‌లోకి వెళ్లేవాళ్లు విడిగా నేర్చుకోవాల్సిందే. కొత్త మందులు కనిపెట్టే చోట లెక్క వేరు, అక్కడ మనిషి కణాలతో పెంచే ఆర్గనాయిడ్లు (బుల్లి అవయవాల్లాంటివి), అవయవంలా పనిచేసే చిప్‌లు వస్తున్నాయి, 2023లో మన డ్రగ్ ట్రయల్స్ రూల్స్ కూడా వాటికి దారిచ్చాయి.

నాకు కోపమొచ్చేది ఒక్కటే, కొన్ని కాలేజీల్లో ప్రొజెక్టర్ మీద ఒకసారి చూపించి, రికార్డులు కాపీ కొట్టించి సంతకాలు పెట్టేస్తున్నారు. అలా చేస్తే ఏం లాభం? సిస్టమ్‌కి ఇద్దరికి మించకుండా కూర్చోబెట్టండి. ముందు కుందేలు కన్ను, తర్వాత కప్ప గుండె. కుక్క బీపీ ప్రయోగం మాత్రం ఆటోనామిక్ (గుండె, రక్తనాళాల్లాంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే నరాల) పాఠాలన్నీ అయ్యాకే పెట్టుకోండి, ఆల్ఫా బ్లాకర్ (అడ్రినలిన్ రక్తనాళాలను బిగించకుండా అడ్డుపడే మందు) ఇచ్చాక, మామూలుగా బీపీ పెంచే అడ్రినలిన్‌కు బీపీ ఎందుకు పడిపోయిందో అప్పుడైతే పిల్లలే చెబుతారు.