కేకా, బెంటోనా, అరాంచినీనా? క్రైమ్ నవల చదివే బుక్ క్లబ్‌కి ఏది మేలు?

క్రైమ్ నవల పెట్టుకున్న బుక్ క్లబ్‌కి ఒక చిక్కుంది. హంతకుడెవరో తేలిపోయాక మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. "నేను మూడో అధ్యాయంలోనే కనిపెట్టేశాను" అని ఒకరంటారు, "నాకైతే అనుమానమే రాలేదు" అని ఇంకొకరంటారు. పది నిమిషాల్లో ఆ ముచ్చట తీరిపోతుంది, అందరి చూపూ ప్లేట్ల మీదికి మళ్లుతుంది. అందుకే పుస్తకాన్నీ తిండినీ కలిపే ఎంచుకోవాలంటాను. కథలో ఉన్న వంటకమే టేబుల్ మీదికి వస్తే ఆగిపోయిన మాట మళ్లీ కదులుతుంది. కాకపోతే ఆ వంటకం కథలోని గుట్టు విప్పకూడదు, పుస్తకాల మీద జిడ్డు మరకలు చేయకూడదు, చేసిన మనిషిని సాయంత్రమంతా వంటింట్లో నిలబెట్టకూడదు.

చాలామంది ముందు తలచుకునే పేరు అగాథా క్రిస్టీ. ఆమె రాసినవాటిలో తిండితో ముడిపడిన నవల కావాలంటే నా ఓటు 1950లో వచ్చిన ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’కే. ఊరి పత్రికలో ఒక ప్రకటన వస్తుంది: ఫలానా ఇంట్లో సాయంత్రం ఆరున్నరకి హత్య జరుగుతుంది, మిత్రులు దీన్నే ఆహ్వానంగా భావించగలరు. ఊళ్లోవాళ్లు అదేదో సరదా ఆట అనుకుని బయల్దేరి వస్తారు. ఆ ఇంట్లో మిట్సీ అని ఒక వంటమనిషి, యుద్ధంలో అన్నీ పోగొట్టుకుని శరణార్థిగా వచ్చిన మనిషి. ఆమె ఒక పుట్టినరోజుకి చేసే చాక్లెట్ కేక్‌కి ఇంట్లోని కుర్రాడు పెట్టిన పేరు ‘డెలిషియస్ డెత్’, అంటే కమ్మని చావు. ఆ కేక్ ఎందుకంత గొప్ప అంటే, అది రేషన్ కాలం. బ్రిటన్‌లో యుద్ధం 1945లోనే ముగిసినా చక్కెర మీద రేషన్ 1953 దాకా, మాంసం మీద 1954 దాకా నడిచింది. చాక్లెట్, వెన్న, చక్కెర, ఎండుద్రాక్ష అన్నీ ఒకే కేక్‌లో పడటమంటే అప్పట్లో మాటలు కాదు. నవల నిండా కొరతే కనిపిస్తుంది. పొరుగువాళ్లు సరుకులు గుట్టుగా ఇచ్చిపుచ్చుకుంటారు, బొగ్గు గురించి బెంగపడతారు.

చర్చకి కావలసిన సరుకు అక్కడే ఉంది. ఒకప్పుడు ఊళ్లో ఎవరు ఎవరో అందరికీ తెలిసేది, ఇప్పుడు పక్కింట్లో ఉన్న మనిషి నిజంగా తాను చెప్పుకున్న మనిషేనా అని కథలో గుట్టు విప్పే ముసలావిడ మిస్ మార్పుల్ అనుమానం. ఈ మాట ఒక్కటి టేబుల్ మీద పడితే ముప్పావుగంట సులువుగా గడుస్తుంది. లోటల్లా పాత్రల సంఖ్యే. సగం చదివి వచ్చినవాళ్లు పేర్లు కలిపేసుకుని తికమకపడతారు. కేక్ వైపు చూస్తే నాకు ఒక్క వంకా దొరకలేదు. ముందురోజే చేసి పెట్టుకోవచ్చు, ఒక చేత్తో తినొచ్చు, చప్పుడు చేయదు. ఒకే జాగ్రత్త: అందులో బాదం లాంటివి వేస్తే ముందే చెప్పండి. కమ్మని చావు అనే పేరు పెట్టి, అలర్జీ ఉన్న మనిషికి చెప్పకుండా వడ్డిస్తే అది జోక్ కాదు.

ఇక తిండి పుష్టిగా ఉండే క్రైమ్ నవలలంటే అందరూ ఇటలీ వైపు చూపిస్తారు. ఆంద్రేయా కమిల్లేరి సృష్టించిన ఇన్‌స్పెక్టర్ మొంతల్బానో సిసిలీలో ఉంటాడు, 1994లో వచ్చిన ‘ద షేప్ ఆఫ్ వాటర్’ అతని మొదటి నవల. భోజనం అతనికి పూజలాంటిది. ఇంటి పని చూసే అదెలీనా చేసే అరాంచినీల కోసం ప్రియురాలితో పెట్టుకున్న కొత్త సంవత్సరం ప్రయాణాన్నే మానుకునే కథ కూడా ఒకటుంది. అరాంచినీ అంటే చిన్న నారింజలని అర్థం. వండి చల్లార్చిన అన్నం మధ్యలో మాంసం కూర పెట్టి ఉండ చుట్టి, రొట్టె పొడి అద్ది నూనెలో వేయిస్తారు. మాంసం వద్దనుకుంటే బఠాణీ, చీజ్ పెట్టొచ్చు. చదువుతుంటేనే ఆకలేస్తుంది, నిజమే. కానీ కథలో అదెలీనాకి అవి చేయడానికి రెండు రోజులు పడుతుంది. మనకి రెండు రోజులు పట్టకపోయినా వేడివేడిగా తినాలి కాబట్టి ఎవరో ఒకరు బాణలి దగ్గరే నిలబడాలి. ఆ ఒకరూ చర్చలో ఉండరు. ఒకసారి ఆ ఒకరు నేనే అయ్యాను. లోపలినుంచి నవ్వులు వినిపించాయి గానీ దేనికి నవ్వారో ఇప్పటికీ తెలీదు. ఇంకో తమాషా ఏమిటంటే, మొంతల్బానోకి తినేటప్పుడు ఎవరైనా మాట్లాడితే చిరాకు. బుక్ క్లబ్‌కి అంతకన్నా పనికిరాని అతిథి ఉండడు. నవలలు మంచివే, అధికారం ఉన్నవాళ్లని కాపాడే వ్యవస్థ గురించి చాలా మాట్లాడుకోవచ్చు. తిండి మాత్రం ఇద్దరు ముగ్గురున్న ఇంటికే సరి.

షెర్లాక్ హోమ్స్ ‘బ్లూ కార్బంకిల్’ (1892) గురించి రెండు మాటలు చాలు. పెద్దబాతు కడుపులో రత్నం దొరికే కథ, గంటలో చదివేయొచ్చు. చివర్లో హోమ్స్ దొంగని వదిలేస్తాడు, అది న్యాయమేనా అని వాదించుకోవచ్చు. కానీ పది మందికి పెద్దబాతుని కాల్చి పెట్టడం ఎవరి వల్ల అవుతుంది?

నన్నడిగితే బుక్ క్లబ్ కోసమే రాసినట్టుండేది కీగో హిగాషినో ‘ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. 2005లో జపాన్‌లో పుస్తకంగా వచ్చింది, అక్కడ పేరున్న సాహిత్య పురస్కారం నవోకీ బహుమతి గెలుచుకుంది. ఇషిగామి లెక్కల మాస్టారు. పక్క ఫ్లాట్‌లో ఉండే యాసుకో పనిచేసే దుకాణంలో రోజూ బెంటో, అంటే సర్ది పెట్టిన భోజనం డబ్బా, కొనుక్కుంటాడు, నిజానికి ఆమెని చూడటానికే. ఆమె తన మాజీ భర్తని చంపేస్తుంది. ఎవరు చంపారో, ఎందుకు చంపారో మొదట్లోనే మన కళ్లముందు జరిగిపోతుంది. ఇషిగామి ఆ నేరాన్ని దాచే పనికి పూనుకుంటాడు, అతని పాత స్నేహితుడైన ఫిజిక్స్ ప్రొఫెసర్ దాన్ని విప్పే పనిలో పడతాడు. అన్నీ తెలిసినా చివరికి మనం మోసపోతాం, ఎలాగో చెప్పను.

"హంతకుడెవరు" అన్న ప్రశ్న మొదటే పక్కకి తప్పుకోవడంతో చర్చ అంతా మనుషుల మీదే నడుస్తుంది. ఇషిగామి చేసింది ప్రేమా, పిచ్చా? ఆమె అడగని త్యాగం ఆమె మీద మోపిన బరువు కాదా? చివర్లో అతను చేసిన పని బయటపడ్డాక కూడా అతని మీద జాలి మిగలొచ్చా? మా గ్రూపులో ఈ మూడో ప్రశ్న దగ్గర ఇద్దరు స్నేహితులు గొంతు పెంచుకున్నారు, అలాంటి సాయంత్రం మళ్లీ రాలేదు. పజిల్ ఇష్టపడేవాళ్లకీ పని ఉంది: క్లూలన్నీ పాఠకుడి ముందు పెట్టి ఆడిన ఆటేనా ఇది అని జపాన్‌లో రచయితలు, విమర్శకులే వాదించుకున్నారు.

బెంటో కూడా ఇలాంటి సాయంత్రానికి అతికినట్టు సరిపోతుంది. అన్నం, చుట్టిన ఆమ్లెట్ ముక్కలు, చేపో కూరగాయలో, కాస్త ఊరగాయ, అన్నీ ఒక్కో మనిషికి ఒక్కో డబ్బాలో. ఎవరు ఏది తినరో చూసుకుని వేరువేరుగా సర్దొచ్చు. వడ్డన గొడవ లేదు, చల్లారినా బాగుంటుంది. ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. వండిన అన్నం బయట చాలాసేపు ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. పేరులోనే సీరియస్ ఉంది. దాని బీజాలు ఉడికించినా చావవు, అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. కాబట్టి వచ్చిన వెంటనే తినేసి, డబ్బాలు పక్కన పెట్టి, అప్పుడు పుస్తకం తెరవండి. అరాంచినీల కోసం వండి చల్లార్చే అన్నానికీ ఇదే లెక్క.

పుస్తకంగా చూస్తే హిగాషినో, తిండిగా చూస్తే క్రిస్టీ కేక్. రెండూ కలిపి ఒక్కటే ఎంచుకోమంటే బెంటో వైపే మొగ్గుతాను. డబ్బాలు సర్దే ఓపిక లేని నెలలో కేక్ నడిపించేస్తుంది.

అయితే సగంమంది చదవకుండానే వచ్చే క్లబ్బులు ఉంటాయి, మీదీ అలాంటిదే అయితే పైదంతా వదిలేసి రోఆల్డ్ డాల్ కథ ‘ల్యామ్ టు ద స్లాటర్’ పెట్టుకోండి. 1953 నాటి చిన్న కథ. అక్కడికక్కడే ఒకరు పైకి చదివితే అరగంట పట్టొచ్చు, కాబట్టి "నేను పూర్తి చేయలేదు" అనే మాటే రాదు. (కథ తెలియనివాళ్లు ఇక్కడ ఆగిపోండి.) భర్తని ఫ్రీజర్‌లో గడ్డకట్టిన గొర్రె తొడతో కొట్టి చంపిన భార్య, దాన్నే ఓవెన్‌లో పెట్టి, ఆయుధం కోసం ఇల్లంతా వెతుకుతున్న పోలీసులకి వడ్డిస్తుంది. మాంసం ముట్టనివాళ్లకీ ఆ కథలోనే భోజనం ఉంది. ఆమె కిరాణా కొట్టుకి వెళ్లి కొనేవి బంగాళదుంపలు, బఠాణీ, చీజ్‌కేక్. ఆ మూడూ ముందే టేబుల్ మీద పెట్టేయొచ్చు, ఎవరికీ ఏమీ తట్టదు. మాంసం మాత్రం ఆఖరి వాక్యం అయ్యాకే తీసుకురండి. అప్పటిదాకా వంటింటి తలుపు వేసి ఉంచండి, కాల్చిన గొర్రె వాసన కథ సగంలో బయటికొచ్చిందంటే తెలివైనవాళ్లకి విషయం అర్థమైపోతుంది.