బరంపురం కోర్టు దగ్గరి అనువాద కేంద్రం: ఒక్క జర్మన్ మాటతో పడిన తిప్పలు

జర్మనీలో మరణించిన మా మేనల్లుడి కుమారుడు మైనరు కాబట్టి, అక్కడి కుటుంబ న్యాయస్థానం అతనికి సంరక్షకుణ్ణి నియమించింది. బరంపురంలోని ఉమ్మడి ఇంటి పంపకాల కోసం ఆ నియామకపత్రాన్ని కోర్టు దగ్గరి ఒక అనువాద కేంద్రానికి ఇచ్చి, వకీలుకు ఇంగ్లీషు ప్రతి, ఇంట్లో పెద్దలకు తెలుగు ప్రతి కావాలని కోరాము.

మొదటి ముసాయిదా నిరాశపరిచింది. పత్రానికంతటికీ ఆయువుపట్టయిన 'ఫోర్‌ముంట్' అనే పదాన్ని, 'ఫోర్' అంటే ముందు, 'ముంట్' అంటే నోరు అని విడదీసి, 'తరఫున మాట్లాడేవాడు' అని రాశారు. అలా మాట్లాడేవాడు వకీలైనా కావచ్చు. పిల్లవాడి మంచిచెడ్డలకూ ఆస్తికీ బాధ్యుడు సంరక్షకుడే కదా అని అడిగితే, అక్కడి పెద్ద అనువాదకుడు పత్రాన్ని స్వయంగా తీసుకొని, తప్పు దిద్దడమే కాక ఒక పుట వివరణ కూడా జతచేశారు.

నేను ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ పుటే. నోరు అనే అర్థమున్న 'ముంట్'కూ 'ఫోర్‌ముంట్'లోని 'ముంట్'కూ ఉచ్చారణ ఒకటే గాని పుట్టుక వేరు. పాత జర్మన్‌లో 'ముంట్' అంటే చెయ్యి, రక్షణ. లాటిన్‌లో చేతిని సూచించే 'మానుస్' దానికి జ్ఞాతిపదం. ప్రాచీన జర్మానిక్ న్యాయంలో ఇంటి యజమానికి భార్యాబిడ్డలపై ఉండే అధికారాన్నీ, వారిని కాపాడే బాధ్యతనూ కలిపి ఆ మాటతోనే చెప్పేవారు. మన 'చేయూత' కూడా చేతినుంచి పుట్టిందే కాబట్టి మా పెద్దమ్మకు ఇది చిటికెలో అర్థమైంది. ఆ పాత మాట వాడుకలోంచి పోయాక జనం దాన్ని నోటితో ముడిపెట్టారు. న్యాయవ్యవహారాలకు అర్హత లేనివాడనే అర్థంతో మొదలైన 'ముంట్‌టోట్' అనే పదానికి ఇప్పుడు నోరు మూయించబడినవాడనే అర్థం స్థిరపడింది. మొదటి అనువాదకుడు పడిన గోతిలో జర్మన్లే ముందుగా పడ్డారన్నమాట!

1992 నుంచి జర్మనీలో ఈ సంరక్షకత్వం మైనర్లకే పరిమితమనీ, పెద్దలకు వేరే ఏర్పాటు ఉందనీ కూడా ఆ పుటలో ఉండటం మా వకీలుకు ఉపయోగపడింది.

దిద్దుబాటుకు అదనపు రుసుము తీసుకోలేదు. అయితే నాలుగు రోజులన్న పని పదకొండు రోజులు పట్టింది. తుది ప్రతిలోనూ పిల్లవాడి ఇంటిపేరు రెండు రకాలుగా ఉంటే, నోటరీ దగ్గరి నుంచి మళ్లీ వెనక్కి వెళ్లవలసి వచ్చింది. అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. అందులో ఒకటిన్నర ఆ పుటకే.