వెయిటేజీ ఎవరు చెప్పారు? – క్యూజీఐఎస్ మోడల్ డిజైనర్‌తో నా పరిశోధన

పటాలు తయారుచేసి విశ్లేషించే సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌కు లైసెన్సు రుసుము లేదనీ, విజయవాడ, గుంటూరు పటాలకు యూటీఎం (భూమిని మండలాలుగా విడదీసే పటాల కొలత పద్ధతి) 44వ మండలం పెట్టుకోవాలనీ జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) చదివేవారికి నేను చెప్పనవసరం లేదు. పరిశోధనలో చేరినప్పటి నుంచి సిద్ధాంత గ్రంథం చివరి అధ్యాయం దాకా నేను అన్నిటికంటే ఎక్కువగా వాడింది అందులో ఒక మూల ఉండే మోడల్ డిజైనర్‌ను. పటాల మీద చేసే పనుల దశలను ఒక గొలుసుగా కలిపి ఒకేసారి నడిపించే పరికరం అది. ఈ సమీక్ష దాని గురించే. దాని మీద నాకు ఇష్టం ఎక్కువన్న సంగతి ముందే చెప్పేస్తున్నాను, కాబట్టి పొగడ్తలో కొంత తగ్గించుకుని చదువుకోవచ్చు.

విజయవాడ ఉత్తర ప్రాంతంలో వరద వచ్చినప్పుడు ఏ ప్రభుత్వ బడులు, ఏ సామాజిక భవనాలు సహాయ కేంద్రాలుగా పనికొస్తాయో తేల్చడం నా అంశం. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీట మునిగిన సంగతి అందరికీ తెలుసు. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. మళ్లింపు కాలువ కలిసేది బ్యారేజీకి ఎగువన కృష్ణలోనే కనుక, నది నిండుగా ఉన్నప్పుడు ఆ కాలువ నీటికి పోయే దారి ఉండదు. ఇటువంటి చోట సహాయ కేంద్రాన్ని ఎంచడమంటే ఒకదానితో ఒకటి పొసగని ప్రమాణాలను కలిపి తూచడమే. నేల ఎత్తు, బుడమేరు నుంచి దూరం, రోడ్డుకు దగ్గరితనం, జనసాంద్రత, ఆసుపత్రికి దూరం అనే అయిదింటిని నేను తీసుకున్నాను. జనసాంద్రతకు 2011 జనాభా లెక్కలే ఆధారం, అంతకంటే కొత్తవి లేవు.

ఇలాంటి తూకానికి మన విభాగాల్లో అందరూ పట్టుకునేది థామస్ సాటీ 1970లలో రూపొందించిన ఏహెచ్‌పీ (అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్) పద్ధతి. ప్రమాణాలను రెండేసి చొప్పున పోల్చి, ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉన్న కొలమానం మీద దేనికి ఎంత ప్రాధాన్యమో చెబితే, దాని నుంచి వెయిటేజీలు, అంటే ఒక్కో ప్రమాణానికి ఇచ్చే తూకం అంకెలు, వస్తాయి. పోలికల్లో పొంతన ఉందో లేదో చూపే నిష్పత్తి 0.1 లోపు ఉండాలన్నది నియమం. ఈ పద్ధతితో వచ్చిన పత్రాలు చాలా చదివాను. చివర్లో ఒక వెయిటేజీల పట్టిక, దాని పక్కన ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా రంగులద్దిన పటం ఉంటాయి. ఆ అంకెలు ఎలా కుదిరాయన్నది మాత్రం పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్లు నొక్కి తేల్చుకున్న బేరంలా, చేసినవారికి తప్ప ఇంకెవరికీ తెలియదు. పొంతన నిష్పత్తి 0.1 లోపు ఉన్నంత మాత్రాన ఆ అంకెలు న్యాయమైనవని కాదు. చెప్పినవారు తమ మాటకు తామే ఎదురు చెప్పుకోలేదని మాత్రమే దాని అర్థం.

మోడల్ డిజైనర్ నాకు నచ్చింది ఇక్కడే. ప్రతి వెయిటేజీని మోడల్ లోపల పాతిపెట్టకుండా, బయటి నుంచి ఇవ్వవలసిన సంఖ్యగా పెట్టుకోవచ్చు. నా మోడల్‌ను తెరిస్తే మొదట కనిపించేది అయిదు ఖాళీ గళ్లు. వాటిలో అంకెలు నింపి నడిపితే, డెమ్‌ను (నేల ఎత్తుల డిజిటల్ పటాన్ని) సరిచేయడం, దూరాలు లెక్కగట్టడం, విలువలన్నిటినీ ఒకే కొలమానానికి తేవడం, కలపడం, వార్డుల వారీగా సగటు తీయడం అన్నీ వరుసగా జరిగిపోతాయి. ప్రతి దశ పక్కన వ్యాఖ్య రాసుకునే వీలుంది, అవన్నీ నేను తెలుగులోనే రాసుకున్నాను. మొత్తం గొలుసును పీడీఎఫ్‌గా తీసి గ్రంథానికి అనుబంధంగా జతచేశాను. ఫలితాలను జియోప్యాకేజీ అనే ఫైలు రూపంలోకి పంపడం అలవాటు చేసుకుంటే మంచిదని కూడా ఇక్కడే చెప్పాలి. షేప్‌ఫైల్ అనే పాత ఫైలు రూపంలో పట్టిక నిలువు వరుస పేరుకు పది బైట్లే చోటు, యూనికోడ్‌లో ఒక్కో తెలుగు వర్ణానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి, కాబట్టి ‘జనసాంద్రత’ అన్న పేరు ‘జనస’ దగ్గరే తెగిపోతుంది.

పరిశోధన సమీక్ష సమావేశంలో సభ్యులొకరు నా పటం చూసి, “ఈ వెయిటేజీలు ఎవరు చెప్పారమ్మా?” అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. నిపుణుల దగ్గర తీసుకున్నానని చెప్పాను, ఏ నిపుణులని ఆయన మళ్లీ అడిగారు. జవాబును మాటల్లో పొడిగించకుండా మోడల్‌ను తెర మీద పెట్టి, “మీరు చెప్పండి సార్, ఇక్కడే మార్చి చూద్దాం” అన్నాను. ఆయన జనసాంద్రతకు పెంచమన్నారు, పక్కనున్నవారు నేల ఎత్తుకు పెంచమన్నారు. ఒక్కో మార్పుకూ కొత్త పటం వచ్చింది. మొదటి పటంలో ముందువరుసలో ఉన్న చోట్లలో కొన్ని చిన్న మార్పుకే కిందికి జారిపోయాయి, కొన్ని మాత్రం ఎవరి అంకె పెట్టినా పైనే ఉన్నాయి. వెయిటేజీ ఎంత ఉండాలన్న వాదన అక్కడితో పక్కకు వెళ్లి, కదలని ఆ చోట్లు ఎందుకు కదలడం లేదన్న చర్చ మొదలైంది.

ఆ తరువాత బ్యాచ్ పద్ధతి పట్టుకున్నాను. ఒక్కో వరుసలో ఒక్కో వెయిటేజీల జట్టు రాసి, అదే మోడల్‌ను అన్నిటి మీదా నడిపి, పటంలోని ప్రతి గడి ఎన్నిసార్లు మంచి శ్రేణిలో పడిందో మరో పటంగా తీశాను. గ్రంథంలో ఇప్పుడున్నది ఆ పటమే. సున్నితత్వ విశ్లేషణ (అంకెలు మారితే ఫలితం ఎంత మారుతుందో చూడడం) పేరుతో పుస్తకాల్లో ఒక పేరాలో ముగిసే విషయం నా పనిలో ఒక పూర్తి అధ్యాయమైంది.

సింగ్ నగర్ వైపు ఒక ప్రధానోపాధ్యాయురాలికి ఆ పటం చూపించినప్పుడు, తన బడికి ఎక్కువ మార్కులు పడినందుకు ఆమె ఏమీ సంతోషించలేదు. “చూడమ్మా, మా బడి రోడ్డు పక్కనే ఉందని మార్కులు వేశారు. నీళ్లు ముందు వచ్చింది ఆ రోడ్డు మీదే. పడవ ఎక్కడ ఆగుతుందో అడిగారా?” అన్నారు. రోడ్డుకు దగ్గరితనం అన్ని పత్రాల్లోనూ ఉండే ప్రమాణం. వరదలో పల్లపు రోడ్డు కాలువగా మారుతుందన్న సంగతి ఆ పత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. ఆ సాయంత్రం గుంటూరు బ్రాడీపేటలోని నా గదికి వచ్చి, రోడ్డుకు దూరం లెక్కగట్టే దశకు ముందు మరో పెట్టె చేర్చి, ఒక ఎత్తు కంటే పల్లంగా ఉన్న రోడ్డు ముక్కలను పక్కనపెట్టమన్నాను. మిగిలిన గొలుసును ముట్టుకోనవసరం రాలేదు. చేత్తో ఒక్కొక్క దశా చేసుకునేవారికి ఇది వారాల పని.

ఇక ఎక్కడ తగ్గించి చెప్పాలో అక్కడికి వస్తాను. మోడల్ ఒకసారి కట్టుకుంటే ఎప్పటికీ నడుస్తుందని మొదట్లో జూనియర్లకు చెప్పేదాన్ని, ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పను. సాఫ్ట్‌వేర్ కొత్త సంస్కరణ వేసుకున్నాక ఒక రోజు నా మోడల్ నడవడానికి నిరాకరించింది. ఒక అల్గారిథమ్ అందుబాటులో లేదన్నది అది చెప్పిన కారణం. డెమ్‌లోని గుంటలు (నీరు బయటికి పోలేని పల్లాలు) పూడ్చడానికి నేను వాడింది సాగా అనే బయటి సాఫ్ట్‌వేర్ సమూహంలోని పరికరం. సాగా ఒకప్పుడు క్యూజీఐఎస్‌తో పాటే వచ్చేది, తరువాత దాన్ని మూల ప్యాకేజీ నుంచి తీసేశారు, కావలసినవారు విడిగా ప్లగిన్‌గా (అదనపు భాగంగా) వేసుకోవాలి. వేసుకున్నా పాత మోడల్‌లోని పేర్లు కొత్తవాటితో వాటంతటవే కుదరవు. గ్రాస్ అనే మరో సమూహంలో అదే పని చేసే పరికరం ఉంది, కానీ దాని పద్ధతి వేరు కాబట్టి, సమతలమైన నేల మీద ఫలితం అచ్చంగా అలాగే రాలేదు. వెనకటి పటాలన్నీ మళ్లీ తీయవలసి వచ్చింది. గొలుసులో ఒక్క కొక్కెం బయటివారి చేతిలో ఉన్నా మొత్తం గొలుసు వారి దయ మీద ఆధారపడుతుందని మోడల్ డిజైనర్ ముందుగా హెచ్చరించదు. నా కోపమంతా దాని మీదే.

అయితే ఆ ఆటంకం వల్ల ఒక మేలు కూడా జరిగింది. గుంటలు పూడ్చడం నీటి ప్రవాహ దిశ కనుక్కోవడానికి అందరూ చేసే మొదటి పని, పాఠ్యపుస్తకాలు అలాగే నేర్పుతాయి. పరికరం కోసం వెతుకుతున్నప్పుడే, సింగ్ నగర్ లాంటి చోట నీళ్లు రోజుల తరబడి నిలిచింది ఆ గుంటల్లోనే కదా, వాటిని పూడ్చి పటం నుంచి చెరిపేయడం ఏమిటన్న ప్రశ్న వచ్చింది. పూడ్చిన డెమ్ నుంచి అసలు డెమ్‌ను తీసివేస్తే గుంటల లోతు మిగులుతుంది. దాన్ని ఆరో ప్రమాణంగా చేర్చాను. అందులో నిజమైన పల్లాలతో పాటు నకిలీవీ చాలానే ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక మీది రాడార్ తీసిన ఎస్సార్టీఎం డెమ్‌లో ఎత్తులు పూర్ణ మీటర్లలోనే ఉంటాయి, పైగా ఆ రాడార్ ఇళ్ల పైకప్పులనూ చెట్ల తలలనూ కలిపి నేలగా చూస్తుంది. ఒక్క మీటరు తేడాతో కింది అంతస్తు మునుగుతుందా లేదా అన్నది తేలే ఊరికి ఆ కొలత మోటుది. ఐరోపా వారి కోపర్నికస్ 30 మీటర్ల డెమ్‌లో దశాంశాలున్నాయి, తీసిన కాలం కూడా దగ్గరిది, అయితే అదీ ఉపరితలాన్ని చూసేదే. ఒకదాని బదులు మరొకటి పెట్టి రెండు ఫలితాలనూ పక్కపక్కన చూసుకోవడం మోడల్‌లో ఒక గడి మార్చినంత పని, అంతవరకు దానికి మళ్లీ మార్కులు వేస్తాను. చెడ్డ డెమ్‌ను మంచిగా మార్చే శక్తి మాత్రం ఏ మోడల్‌కూ లేదు. గొలుసు చక్కగా గీసి ఉంటే చూసేవారు పటాన్ని మరింత నమ్ముతారు, ఆ నమ్మకం ఒక్కోసారి డేటా యోగ్యతకు మించిపోతుంది.

డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఉన్న కార్యాలయాల వారికి ఇందులో కొత్తదనం ఏమీ కనబడకపోవచ్చు. అలాంటిదైన ఆర్క్‌జీఐఎస్‌లో ఇదే పని చేసే మోడల్‌బిల్డర్ ఎప్పటి నుంచో ఉంది. పైథాన్ బాగా వచ్చినవారు నేరుగా స్క్రిప్టే రాసుకుంటారు. ఆ దారిలోకి వెళ్లాలనుకుంటే, మోడల్‌ను పైథాన్ స్క్రిప్టుగా మార్చి ఇచ్చే సదుపాయం ఇక్కడా ఉంది, నేను ఆలస్యంగా వాడినా బాగానే ఉపయోగపడింది.

నా పరిస్థితి వేరు. నాకున్నది ఒక మామూలు లాప్‌టాప్, ఫెలోషిప్ నెలనెలా సమయానికి పడుతుందన్న హామీ లేదు, నా అధ్యయనం ఒక నగరంలో ఒక భాగానికే పరిమితం. ఆ పరిధిలో మోడల్ డిజైనర్ నాకు చాలినంత పని చేసింది, మళ్లీ మొదలుపెట్టినా దాన్నే ఎంచుకుంటాను. కృష్ణా డెల్టా మొత్తాన్ని సూక్ష్మమైన డెమ్‌తో చేయాలనుకునేవారికి మాత్రం దీన్ని గట్టిగా సిఫారసు చేయలేను. పరిశోధన మధ్యలో ఉన్నవారు దీర్ఘకాలిక మద్దతు ఉన్న సంస్కరణ వేసుకుని, సమర్పణ పూర్తయ్యేదాకా దాన్ని మార్చకుండా ఉంటే మంచిది. గొలుసులో బయటి ప్లగిన్ల పరికరాలు ఎన్ని ఉన్నాయో కూడా ఒకసారి లెక్కచూసుకోండి. నా పాత సంస్కరణ ఇంకా లాప్‌టాప్‌లో కొత్తదాని పక్కనే ఉంది, మౌఖిక పరీక్ష అయ్యేదాకా దాన్ని తీసేసే ఆలోచన లేదు.