తొమ్మిదేళ్ల పోస్ట్‌పెయిడ్: చెప్పిన అద్దె ఒకటి, కట్టిన బిల్లు ఇంకొకటి

పోస్ట్‌పెయిడ్‌కి మారి తొమ్మిదేళ్లు దాటింది. ఈ తొమ్మిదేళ్లలో మూడు కాంట్రాక్టులు చేశాను. నాది, మా ఆయనది, అమ్మది, ట్యాబ్‌లో వేసిన డేటా సిమ్, మొత్తం నాలుగు కనెక్షన్లు ఒకే బిల్లు కింద నడిచాయి. మొదటి నెల నుంచి వచ్చిన ప్రతి బిల్లూ పీడీఎఫ్‌గా దాచుకున్నాను. పోయిన నెల కంపెనీ మారే ముందు అవన్నీ వరుసగా తెరిచి చూశాను. ప్లాన్ అద్దె, దాని మీద పన్ను కలిపితే ఎంత రావాలో సరిగ్గా అంతే వచ్చినవి చివరి 24 బిల్లుల్లో ఏడే ఏడు. మిగతా 17 బిల్లుల్లో ఏదో ఒక అదనపు పద్దు ఉంది.

నెట్‌వర్క్ మీద నాకు ఫిర్యాదు లేదు. కాల్ తెగిపోయిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రీచార్జ్ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. అమ్మ నంబరు గడువు అయిపోయి, నేను చేస్తే ఫోన్ మోగకుండా పోతుందన్న భయం లేదు. నేను పోస్ట్‌పెయిడ్‌కి మారిందే అందుకోసం. ఆ విషయంలో తొమ్మిదేళ్లూ నిశ్చింతగా ఉన్నాను. సేవ ఇంత బాగుండి బిల్లు ఇలా ఉండటమే నాకు బాధ.

మొదటి బిల్లు చూసి చాలామంది గాబరా పడతారు, నేనూ పడ్డాను. అద్దెకి దాదాపు ఒకటిన్నర రెట్లు వచ్చింది. నిజానికి అందులో మోసమేమీ లేదు. అద్దె ముందుగానే తీసుకుంటారు. కనెక్షన్ మొదలైన రోజు నుంచి బిల్లు తేదీ వరకు రోజుల లెక్కన కొంత, ఆపైన వచ్చే నెల అద్దె మొత్తం, రెండూ ఒకే బిల్లులో పడతాయి. నాది బిల్లు తేదీకి 14 రోజుల ముందు మొదలైంది కాబట్టి సగం నెల అద్దె అదనంగా కనిపించింది. ప్లాన్ మధ్యలో మార్చుకున్నా ఇదే లెక్క: పాత ప్లాన్‌లో మిగిలిన రోజులకి జమ, కొత్త ప్లాన్‌కి ఆ రోజుల ఖర్చు. ఆ కూడికలు తీసివేతలు సరిచూసుకోలేక, ప్లాన్ మార్చాలంటే కొత్త బిల్లు మొదలయ్యే రోజు నుంచే అమలు చేయమని అడగడం అలవాటు చేసుకున్నాను.

ఇక అసలు సంగతి. రెండో కాంట్రాక్టులో ఎనిమిదో నెల. బిల్లు ఎప్పటికంటే కొంచెం ఎక్కువ వచ్చింది. తేడా పెద్దదేం కాదు, అద్దెలో నాలుగు శాతం కూడా లేదు. ఆటోపే పెట్టుకున్న వాళ్లెవరూ గమనించరు. నేను బిల్లు తెరిచి చదువుతాను కాబట్టి కనిపించింది. 'ఇతర ఛార్జీలు' అన్న శీర్షిక కింద 'బిల్లింగ్ సేవా రుసుము' అని కొత్తగా ఒక వరుస. నాలుగు కనెక్షన్లకీ విడివిడిగా, నాలుగు సార్లు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను.

"మేడమ్, అది ఈ నెల నుంచి అందరికీ వేస్తున్నామండి."

"దేనికండీ అది?"

"బిల్లు తయారుచేసి పంపించడానికి మేడమ్."

"నాకు కాగితం బిల్లు రాదు కదండీ, ఈమెయిల్‌కే వస్తుంది. పైగా నాలుగు కనెక్షన్లకీ కలిపి బిల్లు ఒక్కటే కదా?"

"సిస్టమ్‌లో అలాగే ఉంది మేడమ్. మీకు ముందే తెలియజేశాం."

ఆ అమ్మాయి తప్పేమీ లేదు, తెర మీద ఉన్నది చదివింది. కానీ 'ముందే తెలియజేశాం' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మెసేజ్‌లు వెతికాను, లేదు. ఈమెయిల్ వెతికాను, లేదు. చివరికి రెండు నెలల కిందటి బిల్లులో దొరికింది. నాలుగో పేజీ, కాల్ వివరాల పట్టిక అయిపోయాక, ఒక ప్రకటన పక్కన మూడు వాక్యాలు. పేజీని రెట్టింపు చేస్తే గాని అక్షరాలు ఆనలేదు. ఫలానా తేదీ నుంచి ఈ రుసుము ఉంటుందని మొదటి రెండు వాక్యాలు. మూడోది చదివాక చాలాసేపు ఆ పేజీ మూయలేకపోయాను. ఈ మార్పు సమ్మతం కాకపోతే 30 రోజుల్లోగా రాసి పంపి, ముందస్తు రద్దు రుసుము లేకుండా కాంట్రాక్టు నుంచి వెళ్లిపోవచ్చట.

అంటే నోటీసు ఒక బిల్లులో, ఛార్జీ ఆ తర్వాత రెండో బిల్లులో. బయటికి వెళ్లే గడువు ఆ రెండింటి మధ్యలో తీరిపోయింది. డబ్బు పడింది చూసి అడిగేవాడికి ఆ హక్కు అప్పటికే పోయి ఉంటుంది. కట్టిన మొత్తం చిన్నదే, దాన్ని నేను మర్చిపోగలను. ఈ తేదీల అమరికని మాత్రం మర్చిపోలేదు.

ఫోన్‌లో మాట్లాడినన్నాళ్లూ ఏమీ కదల్లేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, ఫిర్యాదు నంబరు తీసుకుని, ఆ నాలుగో పేజీని జతచేసి, నోటీసు విడిగా ఎందుకు పంపలేదని అడిగాక పై అధికారి దగ్గరికి వెళ్లింది. 19 రోజులకి జవాబొచ్చింది. రెండు నెలల రుసుము జమ చేశారు. మూడో నెల నుంచి మళ్లీ వేశారు. కాంట్రాక్టు అయ్యేవరకు కట్టాను.

ఈ గొడవ నా ఒక్కదానిదే కాదు. యూరప్‌లో 2018లో తెచ్చిన ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్ల కోడ్‌లో దీనికి సూటిగా జవాబుంది: కంపెనీ షరతులు మార్చాలంటే కనీసం ఒక నెల ముందు స్పష్టంగా తెలియజేయాలి, ఆ మార్పు పూర్తిగా వాడకందారు మేలుకోసమో, వాళ్లకి నష్టం లేని పరిపాలనాపరమైనదో, చట్టం కోరిందో అయితే తప్ప అదనపు ఖర్చు లేకుండా కాంట్రాక్టు వదులుకునే హక్కు ఇవ్వాలి. తొలి కాంట్రాక్టు కాలం 24 నెలలు మించకూడదని కూడా అందులోనే ఉంది. బ్రిటన్‌లో కాంట్రాక్టు మధ్యలో ద్రవ్యోల్బణంతో ముడిపెట్టి అద్దె పెంచేవాళ్లు. 2025 జనవరి 17 నుంచి చేసే కాంట్రాక్టుల్లో అలా కుదరదు. ఎప్పుడు ఎంత పెంచుతారో పౌండ్లలో, పెన్నీల్లో ముందే చెప్పి అమ్మాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఆదేశించింది. అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లకి ఒక పట్టిక చూపించాలి: నెలవారీ ధర, రుసుములు, మధ్యలో మానేస్తే కట్టాల్సింది, అన్నీ ఒకే చోట. ఇవి చదివాక నాకు ఒకటి రూఢి అయింది. ముందే అంకె చెప్పడం కంపెనీలకి సాధ్యం కాని పనేం కాదు, గట్టిగా అడిగినచోట చెబుతున్నారు.

ఇప్పుడు అమ్మ నంబరు దగ్గరికి వస్తాను. అమ్మ డేటా ఆన్ చేయదు. తెలుగు కీబోర్డుతో మామూలు ఎస్ఎంఎస్ పంపుతుంది, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నెలకి 60 అనుకోండి. మా ప్లాన్‌లో నెలకి 100 ఉచితం. అయినా అమ్మ కనెక్షన్ మీద ప్రతి నెలా మెసేజ్‌ల ఛార్జీ పడేది. ఒక నెల వివరాల పట్టిక లెక్కపెడితే 231 వచ్చాయి. లెక్క తప్పనుకుని ఫిర్యాదు కూడా చేశాను. లెక్క తప్పు కాదు, నాకే తెలియలేదు.

ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు, బైటుకి ఎనిమిది బిట్లు. మామూలు ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి అందులో 160 పడతాయి. తెలుగు రాయగానే ఫోన్ వేరే సంకేతపద్ధతికి మారుతుంది, అక్షరానికి రెండు బైట్లు, మెసేజ్‌కి 70 మాత్రమే. అంతకు మించితే ముక్కలు చేస్తుంది, ముక్కలు మళ్లీ అతుక్కోవడానికి కొంత చోటు పోతుంది కాబట్టి ముక్కకి 67. పైగా తెలుగులో మనం అక్షరం అనుకునేదీ ఫోన్ అక్షరం అనుకునేదీ ఒకటి కాదు. 'క్షేమం' కంటికి రెండక్షరాలు. ఫోన్‌కి ఆరు: క, పొల్లు, ష, ఏత్వం, మ, సున్నా. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కూడా ఆరే. మొత్తం ఇంగ్లీషులో రాసి చివర ఒక్క తెలుగు అక్షరమో, ఒక ఎమోజీయో పెట్టినా మెసేజ్ అంతా 70 లెక్కలోకి వెళ్లిపోతుంది.

అమ్మ పంపిన ఒక మెసేజ్ తీసుకుని కాగితం మీద విడదీసి లెక్కపెట్టాను. మోకాళ్ల నొప్పి తగ్గిందని, వర్షం పడిందని, నేను సరిగ్గా తింటున్నానా అని. 203 వచ్చాయి. మూడు ముక్కల్లో 201 పడతాయి. రెండు అక్షరాలు మిగిలినందుకు నాలుగో మెసేజ్ ఛార్జీ పడింది. ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి ఇదంతా వివరించాను. కాస్త చిన్నగా రాయమ్మా అన్నాను. మర్నాడు నుంచి అమ్మ మెసేజ్‌లు 'బాగున్నాను', 'తిన్నాను' అని రావడం మొదలైంది. బిల్లు తగ్గింది. అలా చెప్పినందుకు ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది.

అమ్మ నంబరు మీదే ఇంకో పద్దు కూడా ఉండేది, అడగని ఒక సేవకి చందా. ఎక్కడో తెర మీద వేలు తగిలి ఉంటుంది, నెలనెలా దానంతట అదే పునరుద్ధరణ అయ్యేది. ఫోన్ చేసి అన్ని కనెక్షన్లకీ ఇలాంటి చందాలు, యాప్ కొనుగోళ్లు బిల్లులో పడకుండా బ్లాక్ చేయమని అడిగితే ఒక్కరోజులో చేశారు, ఆ నెల డబ్బు కూడా వెనక్కిచ్చారు. పెద్దవాళ్లు, పిల్లలు వాడే నంబర్లకి ఈ బ్లాక్ కనెక్షన్ తీసుకున్న రోజే పెట్టించడం మంచిది.

రోమింగ్ రెండుసార్లే వాడాను. నేను తీసుకున్న రోజువారీ ప్యాక్‌లో 'రోజు' అంటే 24 గంటలు కాదు, అర్ధరాత్రికి అయిపోయే తేదీ. మొదటిసారి విమానం దిగి ఫోన్ ఆన్ చేసేసరికి ఆ రోజు ముగియడానికి 40 నిమిషాలుంది, రెండు రోజుల ఛార్జీ పడింది. విమానంలో, ఓడలో దొరికే సిగ్నల్ ఉపగ్రహం మీద నడుస్తుంది, మామూలు ప్యాక్‌లు చాలావరకు దానికి వర్తించవు. ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టేయడమే. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక సభ్యదేశం సిమ్‌ని ఇంకో సభ్యదేశంలో వాడినా, సాధారణ ప్రయాణాల వరకు, ఇంటి దగ్గర రేటే. అలాంటిది అన్నిచోట్లా వస్తే బాగుండు.

ఫోన్‌తో కలిపి ఇచ్చే కాంట్రాక్టు ఒకటి చేశాను, మూడోది. ఫోన్ వాయిదా, ప్లాన్ అద్దె కలిపి ఒకే అంకెగా చూపించారు. 24 నెలలకి ఫోన్ బాకీ తీరింది. 25వ నెల బిల్లు అంతే వచ్చింది, 26వ నెలా అంతే. అడిగితే "మీరు ప్లాన్ మార్చమని చెప్పలేదు కదండీ" అన్నారు. ఆ జవాబుకి నాకు చాలా కోపం వచ్చింది. తీరిపోయిన బాకీని ఇంకా కట్టించుకుంటూ, ఆపమని నేనే అడగాలనడం ఏం న్యాయం? వాయిదా విడిగా, అద్దె విడిగా రాసి ఇవ్వని కాంట్రాక్టు మీద ఇక సంతకం పెట్టను.

అప్పుడే మారాలని నిర్ణయించుకున్నాను. ఇన్నాళ్లూ ఆపింది నంబరు పోతుందేమోనన్న బెరుకు. నంబరు మార్చకుండా కంపెనీ మారే సదుపాయం 1997లోనే సింగపూర్‌లో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. బాకీ మొత్తం కట్టి, కాంట్రాక్టు కాలం అయిందని రాతపూర్వకంగా తీసుకున్నాకే దరఖాస్తు పెట్టాను. నాలుగింటిలో మూడు నంబర్లు సాఫీగా మారాయి. డేటా సిమ్ రద్దు చేశాను. పాత కంపెనీ చివరి బిల్లులో అద్దె 11 రోజులకే వేశారు, 'బిల్లింగ్ సేవా రుసుము' మాత్రం నెల మొత్తానికి వేసి డిపాజిట్‌లోంచి తీసుకున్నారు. దానిమీద రాశాను, జవాబు రావాలి.

కొత్త కంపెనీ దగ్గర సంతకం పెట్టే ముందు అద్దె కాకుండా బిల్లులో పడగల ప్రతి ఛార్జీ రాసివ్వమన్నాను. మొదట యాప్‌లో చూసుకోమన్నారు. కుదరదన్నాను. రెండు రోజులకి రెండు పేజీల పట్టిక ఈమెయిల్‌లో వచ్చింది. ఆలస్య రుసుము, కాగితం బిల్లు, సిమ్ మార్పిడి, రోమింగ్, అన్నీ ఉన్నాయి. నేను వెతికింది మెసేజ్‌ల వరుస. పరిమితి లేదు, ముక్కల లెక్క లేదు అని ఉంది. డేటా కొంచెం తక్కువిచ్చినా ఆ ప్లానే తీసుకున్నాను.

అమ్మకి ఆ సంగతి ఫోన్‌లో చెప్పాను, ఎంత పొడుగు కావాలంటే అంత రాసుకోమన్నాను. ఆ రాత్రి మెసేజ్ వచ్చింది. మోకాళ్ల సంగతి, పక్కింటివాళ్ల పాప సంగతి, నేను చిన్నప్పుడు పలక మీద 'క్ష' రాయలేక ఏడ్చిన సంగతి. తొమ్మిది ముక్కలు.